పాత హై ఎండ్ స్పీకర్లు: ఏవి కొనాలి, ఏవి బాగుచేయాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి

పాత స్పీకర్లు కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు డబ్బానే చూస్తారు. చెక్క మెరుస్తోందా, మూలలు కొట్టుకుపోయాయా, ముందు గుడ్డ చిరిగిందా అని. మొదటిసారి నేనూ అదే చేశాను. అద్దంలా పాలిష్ పట్టిన జత, పేరున్న మోడల్, అమ్మినాయన కూడా చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంటికి తెచ్చి తీరుబడిగా ఒక ట్వీటర్, అంటే సన్నటి పై స్వరాలు పలికే చిన్న భాగం, విప్పి చూస్తే అది అసలు ఆ కంపెనీదే కాదు. ఎప్పుడో కాలిపోయినదాన్ని ఎవరో తీసేసి, ఆ రంధ్రంలో పట్టే ఇంకోటి తెచ్చి బిగించారు. పైన పటారం, లోన లొటారం. ఆ మోడల్ ట్వీటర్ తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి దాని జత కోసం ఏడాదిన్నర తిరిగాను.

అప్పటినుంచి నేను స్పీకర్‌ని చూసే పద్ధతే మారిపోయింది. కాలం తినేసే భాగాలు కొన్ని ఉంటాయి, అవి పాడైతే భయపడక్కర్లేదు. మళ్ళీ ఎక్కడా దొరకని భాగాలు కొన్ని ఉంటాయి, అవి బాగున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఊఫర్, అంటే బేస్ పలికే పెద్ద భాగం, దాని చుట్టూ ఉండే ఫోమ్ ముట్టుకుంటే పొడిగా రాలుతోందా? మీకు అది మంచి వార్తే, అమ్మేవాళ్ళు ధర దించుతారు, కొత్త ఫోమ్ ఒక సాయంత్రం పని. ఏ స్వరాలు ఏ భాగానికి వెళ్ళాలో విడగొట్టే క్రాసోవర్ సర్క్యూట్‌లో కెపాసిటర్లు ముసలివైపోయాయా? మార్చొచ్చు. కానీ వాయిస్ కాయిల్, అంటే కోన్‌ని కదిపే తీగచుట్ట, కాలిన మిడ్‌రేంజ్ (మధ్య స్వరాలు పలికేది), సొట్టపడిన మెటల్ డోమ్ (గుమ్మటంలా ఉండే పొర), నీళ్ళు పీల్చి ఉబ్బిన పార్టికల్ బోర్డు, కుడికొకటి ఎడమకొకటి వేరే రకం డ్రైవర్లు (ట్వీటర్, మిడ్‌రేంజ్, ఊఫర్ లాంటి మోగే భాగాలు), ఇలాంటివి కనబడితే ఎంత చవగ్గా వచ్చినా దణ్ణం పెట్టి వచ్చేయండి. విడిభాగాల కోసం చచ్చిన జత ఇంకోటి మీ దగ్గర ఉంటే తప్ప.

వెళ్ళేముందే ఆ మోడల్ గురించి తెలుసుకోండి

ఒక్కో స్పీకర్‌కి ఒక్కో జబ్బు ఉంటుంది, అది ముందే తెలిస్తే సగం పని అయినట్టే. ఎందుకంటే తేలిగ్గా పాడయ్యే భాగం ఏది, ఎప్పటికీ దొరకని భాగం ఏది అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది.

ఏఆర్, అంటే అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ చేసిన ఏఆర్-3ఏ సంగతి చూడండి. ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1తో గాలి చొరబడని చిన్న డబ్బాలోంచి లోతైన బేస్ తీసి చూపించాడు, 3ఏ ఆ వంశంలోదే. డబ్బా లోపలి గాలే స్ప్రింగులా పనిచేయడం దాని కిటుకు. అందుకే దీంట్లో ఎక్కడ చిన్న సందు ఉన్నా బేస్ వదులైపోతుంది. వెనకాల మిడ్‌కి, ట్వీటర్‌కి ఒక్కో తిప్పే కంట్రోల్ ఉంటుంది, అవి లోపల చిలుము పట్టి కాంటాక్ట్ పోతుంది, దాంతో ట్వీటర్ నోరెత్తదు. అమ్మేవాళ్ళు పాపం అది కాలిపోయిందనుకుని "ఒకటి పనిచేయట్లేదండీ" అని తగ్గించి ఇచ్చేస్తారు. ఆ కంట్రోల్‌ని అటూ ఇటూ పదిసార్లు తిప్పితే గరగరమని చప్పుడు చేసి ఒక్కసారి మేలుకుంటే మీ పంట పండినట్టే. మేలుకోకపోతే మాత్రం కాలిందనే అనుకుని లెక్క వేసుకోండి.

జేబీఎల్ ఎల్100 1970లో వచ్చింది, స్టూడియోల్లో వాడిన 4310కి ఇంటి రూపం. ఎత్తుపల్లాల గళ్ళతో ఉండే దాని ఫోమ్ గ్రిల్ కచ్చితంగా పొడైపోయి ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు, ఊఫర్ అంచు ఫోమ్ కాదు కాబట్టి మామూలుగా బాగానే ఉంటుంది. తర్వాతి జేబీఎల్ మోడళ్ళు చాలావాటిలో ఊఫర్ అంచు ఫోమే. ఇంకో సంగతి, పాత జేబీఎల్ డ్రైవర్లలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ బయటికి రాదు, లోపలికి వెళ్తుంది. ఇది తెలియక "ఎవరో తప్పు కనెక్షన్ ఇచ్చారు" అని తీగలు తిప్పేసి చెడగొట్టినవాళ్ళు బోలెడుమంది.

యమహా ఎన్ఎస్-1000ఎమ్ 1974 నాటిది. దాని మిడ్, ట్వీటర్ డోములు బెరీలియంతో చేసినవి, 88 మిల్లీమీటర్లదొకటి, 30 మిల్లీమీటర్లదొకటి. ఊఫర్ అంచు గుడ్డది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అంటే ఈ స్పీకర్ విలువంతా ఆ రెండు డోముల్లోనే ఉంది. వాటి ముందున్న జాలీ సొట్టపడి ఉంటే, దాని వెనక డోమ్ ఎలా ఉందో టార్చి వేసి చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. పగిలిన బెరీలియం ముక్కల్ని ఊడ్చడం, గీకడం, ఊదడం అస్సలు వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకి విషం.

బీబీసీ వాళ్ళు తమ బయటి ప్రసారాల వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కోసం 1970లలో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ దీనికి పూర్తిగా వేరే జాతి. కెఫ్ కంపెనీ బీ110 ఊఫర్, టీ27 ట్వీటర్, ఐదు లీటర్ల బుల్లి డబ్బా. రోజర్స్, స్పెండర్, హార్బెత్ లాంటి చాలా కంపెనీలు లైసెన్సు తీసుకుని చేశాయి. మొదటివి 15 ఓమ్స్, 1980ల చివర్లో వచ్చినవి 11 ఓమ్స్, ఈ రెంటినీ కలిపి జత చేసి అమ్మేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. వెనక సీరియల్ నంబర్లు చూడండి, ఒకే జతలో పుట్టినవైతే విలువ వేరు. దీంట్లో ఫోమ్ అంచు లేదు, చెడిపోయేది తక్కువ, కానీ ఒక్క డ్రైవర్ మారిందంటే బీబీసీ లెక్క కట్టి సరిపెట్టిన ఆ పొందిక మొత్తం పోయినట్టే.

టాన్నాయ్ మోనిటర్ గోల్డ్, 1967 నుంచి 1974 దాకా వచ్చింది, అందులో కోన్ అంచు ఫోమ్ కాదు. ఆ తర్వాతి హెచ్‌పీడీలో ఫోమ్ అంచు వచ్చింది. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, హెచ్‌పీడీ అయితే ఫోమ్ మార్చాల్సిందే అని లెక్కలో వేసుకుని వెళ్ళండి.

క్వాడ్ ఈఎస్ఎల్, అదే 1957 నాటిది, దాని గురించి ఒక్కమాటే చెప్తాను. అది విన్నాక మిగతావి వినబుద్ధి కాదు, నిజమే. కానీ అందులో కోన్లు లేవు, కొన్ని వేల వోల్టుల మీద బతికే పల్చటి పొరలున్నాయి. టిక్కు టిక్కుమని చప్పుడు, చిటపటలు, ఒక పక్క శబ్దం తగ్గిపోవడం, ఇవన్నీ ప్యానెల్ లేదా హై వోల్టేజ్ సప్లై పోతోందనడానికి గుర్తులు. ప్లగ్ తీసేశాక కూడా లోపల ఛార్జ్ నిలిచి ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళు దీని వెనక మూత విప్పకండి, ఇది తెలిసినవాళ్ళ పని. పల్చటి పొరకి తీగలు అతికించి చేసిన మాగ్నెపాన్‌లలో ప్రాణభయం లేదు గానీ జిగురు ఊడి తీగలు లేచిపోతాయి, అది బాగుచేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి.

అలాగే 1968లో వచ్చిన బోస్ 901. తొమ్మిది డ్రైవర్లు, వాటితోపాటే వచ్చే ఈక్వలైజర్ పెట్టె. ఆ పెట్టె లేకుండా అమ్ముతున్నారంటే సగం స్పీకరే అమ్ముతున్నారని అర్థం. మొదటి రెండు సిరీస్‌లలో అంచు గుడ్డది, మూడో సిరీస్ నుంచి ఫోమ్. ఫోమ్ మార్చాల్సొస్తే జతకి పద్దెనిమిది డ్రైవర్లు. ఒకసారి లెక్కపెట్టుకోండి చాలు.

అపోజీ సింటిల్లా లాంటివి కొనాలని ఉబలాటపడేవాళ్ళు ముందు మీ ఆంప్లిఫయర్‌ని అడగండి. అది 1 ఓమ్ స్పీకర్. మామూలు ఆంప్‌కి అది దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

చేతిలో ఉండాల్సినవి: టార్చి, రెండు మూడు రకాల స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, వీలైతే మీరు నమ్మే ఒక చిన్న ఆంప్. వాళ్ళ ఆంప్ మీద వింటే తప్పు స్పీకర్‌దో ఆంప్‌దో తేలదు.

గ్రిల్ తీయించండి. తీయనివ్వకపోతే అక్కడితో మాట ఆపేయండి. డ్రైవర్ల స్క్రూ తలలు చూడండి, గాడులు అరిగిపోయి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పారన్నమాట, విప్పడం తప్పు కాదు గానీ ఎందుకు విప్పారో అడగాలి. రెండు స్పీకర్లలో డ్రైవర్ల రంగు, కోన్ మధ్యలో ఉండే మూత, అంటే డస్ట్ క్యాప్, పరిమాణం, స్క్రూల రకం సరిగ్గా ఒకేలా ఉన్నాయా చూడండి. నా మొదటి జతలో రెండు ట్వీటర్ల ముందు ప్లేట్లు నలుపే, కానీ ఒకటి కొంచెం మెరుపు నలుపు. అది నా కంటికి ఆనింది కూడా, వెలుతురు తేడా అనుకుని సరిపెట్టుకున్నాను.

తర్వాత ఊఫర్. రెండు చేతుల వేళ్ళు కోన్‌కి ఎదురెదురుగా ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. చప్పుడు లేకుండా వెళ్ళి రావాలి. గరగర తగిలితే వాయిస్ కాయిల్ రాసుకుంటోంది. ఒక్కోసారి స్పీకర్ కింద పడితే వెనక మాగ్నెట్ పక్కకి జరిగి కాయిల్ పూర్తిగా బిగుసుకుపోతుంది, కోన్ అసలు కదలదు, అలాంటిది వద్దు. రంధ్రం లేని సీల్డ్ బాక్స్ అయితే నొక్కి వదిలిన కోన్ తీరిగ్గా వెనక్కి రావాలి, టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది. డోమ్ ట్వీటర్‌ని మాత్రం వేలితో తాకకండి. గుడ్డ డోమ్ సొట్టపడితే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం దూరం నుంచి జాగ్రత్తగా పెట్టి లాగొచ్చు, చాలాసార్లు వచ్చేస్తుంది. మెటల్ డోమ్ సొట్ట అలాగే ఉండిపోతుంది.

మల్టీమీటర్ పెట్టేటప్పుడు ఒక చిన్న విషయం: స్పీకర్ వెనక టెర్మినల్స్ దగ్గర కొలిస్తే ఊఫర్ ఒక్కటే కనబడుతుంది, ఎందుకంటే మిడ్‌కి, ట్వీటర్‌కి ముందు కెపాసిటర్ అడ్డం ఉంటుంది. వాటిని కొలవాలంటే డ్రైవర్ విప్పి ఒక తీగ ఊడదీయాలి. 8 ఓమ్స్ డ్రైవర్ మీటర్ మీద 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3 పైచిలుకు. అంకె కన్నా ముఖ్యం ఏంటంటే కుడీ ఎడమా ఒకేలా ఉన్నాయా అని. ఒకటి 6.1, ఇంకోటి 6.2 అయితే హాయిగా నిద్రపోవచ్చు. ఒకటి 6.1, ఇంకోటి 4.3 అయితే రెండోదాన్ని వేడికి కాయిల్ చుట్లు అతుక్కున్నదో, ఎవరో వేరే కాయిల్ వేసినదో అనుకోండి. ఏమీ చూపించకపోతే తీగ తెగింది.

వినేటప్పుడు పాటలు తర్వాత. ముందు చిన్న శబ్దంతో 30 హెర్ట్జ్ నుంచి 300 దాకా టోన్ మెల్లగా జరపండి. స్వచ్ఛమైన టోన్‌లో గరగరలు, డబ్బా జాయింట్ల చప్పుళ్ళు దాక్కోలేవు, పాటలో అయితే ఎంతైనా దాక్కుంటాయి. ఆ తర్వాత మోనో పాట ఒకటి పెట్టి, బాలెన్స్ మొత్తం ఎడమకి, మొత్తం కుడికి తిప్పుతూ వినండి. రెండింటి స్వరం ఒకేలా ఉండాలి. ఏ డ్రైవర్ మోగుతోందో తెలియకపోతే ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఇంకో కొస డ్రైవర్ దగ్గరికి పెట్టి వినండి. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, మీకు మాత్రం నిజం వినిపిస్తుంది.

ఒక పక్క ట్వీటర్ మోగుతోంది గానీ మందంగా ఉంటే అది చచ్చిపోయిందని తీర్పు ఇచ్చేయకండి. 1970ల నుంచి చాలా ట్వీటర్ల కాయిల్ సందులో ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవం పోయడం మొదలైంది. అది ఏళ్ళు గడిచాక జిగటగా గట్టిపడి డోమ్‌ని పట్టేసుకుంటుంది. శుభ్రం చేసి కొత్తది వేస్తే మళ్ళీ లేస్తుంది. ఇలాంటి "మందం" స్పీకర్లే నాకు దొరికిన మంచి బేరాలు.

మరమ్మతు, తొందర లేకుండా

విప్పేముందు ఫొటోలు తీయండి. ఏ తీగ ఏ టెర్మినల్‌కి, ఏ రంగు ఎటు, క్రాసోవర్ ముందూ వెనకా. "గుర్తుంటుందిలే" అనుకోవద్దు, గుర్తుండదు.

ఫోమ్ అంచు మార్చడం నుంచి మొదలుపెడదాం, ఎక్కువమందికి పడే పని అదే. పాలీయురెథేన్ ఫోమ్ మామూలుగా పదిహేను ఇరవై ఏళ్ళకి పోతుంది, వాడినా వాడకపోయినా. కొత్తది కొనేముందు కోన్ బయటి వ్యాసం, ఫ్రేమ్ లోపలి వ్యాసం, ఆ మధ్యలో ఉబ్బెత్తు వెడల్పు, అంచు చదునుగా ఉందా వాలుగా ఉందా, ఇవన్నీ కొలవండి. "పది అంగుళాలది ఇవ్వండి" అంటే ఇచ్చేస్తారు, కానీ అది సరిపోదు. ఫోమ్ ఉన్నచోట రబ్బరు వేస్తే ఎప్పటికీ పోదు కదా అని కొందరంటారు. రబ్బరు బరువు, బిగువు వేరు, దాంతో ఊఫర్ రెజొనెన్స్, అంటే అది సహజంగా ఊగే స్వరం, మారిపోతుంది, ఆ డబ్బాకి లెక్క కట్టిన బేస్ ఇక రాదు. ఫోమ్ ఉన్నచోట ఫోమే.

పాత జిగురు తీయడం అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. కాగితం కోన్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి మెత్తబడ్డాక వేలితో రుద్ది తీయండి, బ్లేడు తక్కువగా వాడండి. ప్లాస్టిక్ కోన్ అయితే ముందు కనిపించని మూల ఒక చుక్క వేసి చూడండి. కెఫ్ బీ139 లాంటి వాటిలో ఉండే పాలీస్టైరీన్‌కి అసిటోన్ తగిలితే కరిగి గుంట పడుతుంది.

కొత్త ఫోమ్ ముందు కోన్‌కి అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే ఫ్రేమ్‌కి అతికించాలి. తెల్ల జిగురు, అంటే పీవీఏ రకం, వాడితే సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. టక్కున పట్టేసే కాంటాక్ట్ జిగురు వాడితే తప్పు జరిగిన చోటే ఉండిపోతారు. కోన్ సరిగ్గా మధ్యలో నిలబడడానికి రెండు దారులు. డస్ట్ క్యాప్ కోసి తీసి, కాయిల్‌కి మధ్య స్తంభానికి మధ్య సమాన మందం ఉన్న సన్నటి ప్లాస్టిక్ పట్టీలు నాలుగు వైపులా దూర్చడం ఒకటి, ఇది భద్రమైన దారి. రెండోది, క్యాప్ ముట్టుకోకుండా చిన్న శబ్దంతో 30 హెర్ట్జ్ టోన్ ఇస్తూ, జిగురు ఆరేలోపు కోన్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ, ఏ మూలా గరగర లేని చోట వదిలేయడం. అసలు డస్ట్ క్యాప్ మీద కంపెనీ గుర్తు ఉంటే నేను రెండోదారే పడతాను. మొదటి ఊఫర్ మీద చెయ్యి వణుకుతుంది, మూడోదానికి అలవాటైపోతుంది. మీ మొదటిది టాన్నాయ్ కాకుండా చూసుకోండి, పనికిరాని ఏదో ఊఫర్ తెచ్చి దాని మీద నేర్చుకోండి.

గుడ్డ అంచులు చిరగవు గానీ వాటి మీద పూసిన పూత ఎండి గాలి వదిలేస్తాయి. పాత ఏఆర్‌లలో ఇది మామూలే. దానికి దొరికే పల్చటి బ్యూటైల్ రకం పూతని ఒక పొర వేస్తే చాలు. సిలికాన్ మాత్రం పూయకండి, తర్వాత దాని మీద ఏదీ అతుక్కోదు.

ఇక కెపాసిటర్లు. పాత క్రాసోవర్లలో ఎక్కువగా ఉండేవి ధ్రువాలు లేని ఎలక్ట్రోలిటిక్‌లు, బైపోలార్ అంటారు. ఇవి ఎండేకొద్దీ విలువ పక్కకి జరుగుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. దీనివల్ల ఏమవుతుందో ఒక లెక్క చెప్తాను. 8 ఓమ్స్ ట్వీటర్ ముందు 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే ఉందనుకోండి, అది సుమారు 5,000 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. అదే 5 మైక్రోఫారడ్లకి జరిగితే కోత 4,000కి దిగుతుంది. అంటే ట్వీటర్ తన శక్తికి మించిన కింది స్వరాల్ని మోయాల్సి వస్తుంది, గట్టిగా పెట్టినరోజు కాలుతుంది. కాబట్టి మంచి పాత ట్వీటర్‌ని కాపాడుకోవడానికైనా కెపాసిటర్లు కొలవాలి. కొలవాలంటే ఒక కాలు సోల్డర్ ఊడదీసి, కెపాసిటర్ విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ పెట్టండి, బోర్డు మీద ఉండగా కొలిస్తే అబద్ధం చెప్తుంది. పది శాతం లోపు తేడా ఉండి, కుడీ ఎడమా కలుస్తుంటే నేనైతే వాటి జోలికి పోను. 1970ల ముందు నాటి స్పీకర్లలో నూనె నింపిన రేకు డబ్బా కెపాసిటర్లు కనబడితే, కారుతున్నాయేమో చూసి చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ కాలం నూనెల్లో పీసీబీలు అనే విష రసాయనాలు ఉండేవి.

కాయిళ్ళు అంత తేలిగ్గా పోవు. సిమెంటు రంగు రెసిస్టర్లు నల్లగా మాడి ఉంటే మార్చండి, లేకపోతే వదిలేయండి. స్విచ్చులు, తిప్పే కంట్రోళ్ళు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పితే చాలావరకు దారికొస్తాయి. డబ్బాలో గాజు ఊలు ఉంటే మాస్క్ లేకుండా తల దూర్చకండి, రెండురోజులు గోక్కుంటూ కూర్చోవాలి.

ఫెర్రోఫ్లూయిడ్ మార్చేటప్పుడు డోమ్ విప్పి, సందులో పల్చటి అట్టముక్క లేదా బ్లాటింగ్ పేపర్ తిప్పుతూ పాత జిగటంతా తీయాలి, అది పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టాలి. కొత్తది ఆ ట్వీటర్‌కి చెప్పిన రకమే, చెప్పినంతే. ఎక్కువ పోస్తే బయటికి పొంగి డోమ్‌కి అంటుకుంటుంది, చిక్కదనం తేడా అయితే స్వరమే మారుతుంది. రెండు ట్వీటర్లకీ ఒకేరోజు, ఒకే సీసాలోంచి.

అప్‌గ్రేడ్ అనే జబ్బు

ఇక్కడే చాలామంది కొండనాలుకకి మందు వేసి ఉన్న నాలుక ఊడగొట్టుకుంటారు. స్పీకర్ బాగా మోగుతోంది, ఇంకా బాగా మోగాలని ఖరీదైన పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు, లావుపాటి రాగి కాయిళ్ళు, వెండి తీగలు అన్నీ ఒకేసారి వేసేస్తారు. ఆ తర్వాత వింటే ట్వీటర్ చెవిలో సూదిలా గుచ్చుతుంది. కారణం సులువే. పాత ఎలక్ట్రోలిటిక్‌కి లోపల కొంత నిరోధం ఉండేది, డిజైన్ చేసినాయన దాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ట్వీటర్ ఎంత మోగాలో చూసుకున్నాడు. పాలీప్రొపిలీన్ లాంటి ఫిల్మ్ కెపాసిటర్‌కి ఆ నిరోధం దాదాపు లేదు. దానికి వరసగా అర ఓమ్ చుట్టుపక్కల ఒక చిన్న రెసిస్టర్ పెడితే పాత సమతూకం వెనక్కి వస్తుంది. కాయిల్ సంగతీ అంతే. అసలుది అర ఓమ్ ఉంటే దాని చోట 0.1 ఓమ్ లావు తీగ కాయిల్ పెడితే ఊఫర్ తీరు మారిపోతుంది. మంచిగా మారొచ్చు, చెడ్డగానూ మారొచ్చు, కానీ అది మీరు కొన్న స్పీకర్ ఇక కాదు.

నేను పాటించే పద్ధతి ఇది. ముందు పుట్టినప్పుడు ఎలా ఉందో ఆ స్థితికి తెస్తాను. అదే విలువలు, అదే రకం భాగాలు. ఒక నెల వింటాను. అప్పుడు కూడా ఏదో వెలితి అనిపిస్తే ఒక్క స్పీకర్‌లో మాత్రమే ఒక్క మార్పు చేసి, మోనోలో రెండో స్పీకర్‌తో పోల్చి వింటాను. తేడా వినబడకపోతే ఆ డబ్బు మిగిలినట్టే. రెండింటిలో ఒకేసారి మార్చినవాళ్ళకి ప్రతి మార్పూ అద్భుతంగానే వినబడుతుంది, డబ్బు పెట్టిన చెవి కదా.

కొలిచే అవకాశం ఉంటే ఇంకా మేలు. ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, కొలతలకి పనికొచ్చే యూఎస్‌బీ మైక్ ఉంటే చాలు. రెండు స్పీకర్లనీ ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా ఒకే చోట, మైక్ కదలకుండా పెట్టి కొలవండి. రెండు గీతలు 300 హెర్ట్జ్ పైన ఎక్కడా 1 డీబీకి మించి విడిపోకపోతే మీ పని బాగా చేసినట్టు. ఎక్కడో ఒకచోట 4 డీబీ విడిపోతే అక్కడ ఏ డ్రైవర్ మోగుతుందో చూసి అటు వెతకండి.

డబ్బా లోపల బద్దలు బిగించి గట్టిపరచడం కూడా అన్నిటికీ పనికిరాదు. బీబీసీ తరహా స్పీకర్లు, అంటే ఎల్ఎస్3/5ఏ, స్పెండర్ బీసీ1 లాంటివి, కావాలనే పల్చటి గోడలతో, లోపల బరువైన డ్యాంపింగ్ షీట్లు అతికించి చేసినవి. గోడ కంపనాన్ని చెవికి తక్కువ తెలిసే చోటికి దించడం ఆ డిజైన్ ఉద్దేశం. వాటిలో బద్దలు బిగిస్తే ఆ కంపనం మళ్ళీ పైకి, గొంతు వినబడే చోటికి ఎక్కుతుంది. ఎవరో నేర్పుగా బద్దలు పెట్టిన బీసీ1 ఒకటి విన్నాను, గాయకుడు బకెట్లో తల పెట్టి పాడుతున్నట్టుంది.

నిర్భయంగా మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి: వదులైన వెనక టెర్మినల్స్, తుప్పు పట్టిన కనెక్టర్లు, గట్టిపడి గాలి వదిలేస్తున్న డ్రైవర్ వెనక గాస్కెట్లు, సరైన ఎత్తున్న స్టాండు. వీటిలో స్టాండూ, గోడ నుంచి దూరమూ కలిపి చేసే తేడా ఖరీదైన కెపాసిటర్ల కన్నా పెద్దది. అది వినబడేసరికి చాలామందికి అప్‌గ్రేడ్ మీద మోజు తగ్గిపోతుంది.

డ్రైవరే మార్చాల్సొస్తే, అంటే ఇక వేరే గతి లేకపోతే, సైజు చూసి కొనకండి. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ 1960లు, 70లలో పెట్టిన లెక్కలు ఉన్నాయి, ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని చాలా డ్రైవర్లకి రాసి ఉంటాయి, ఏ డబ్బాలో ఎలా మోగుతుందో అవే చెప్తాయి. ఊఫర్ అయితే ఆ మూడూ, సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో), ఇంపిడెన్స్ (ఓమ్స్) దగ్గరగా ఉండాలి. ట్వీటర్ అయితే సెన్సిటివిటీ, రెజొనెన్స్, ముందు ప్లేట్ ఆకారం. అప్పుడు కూడా రెండు పక్కలా మార్చండి, ఒక్క పక్క మార్చడం అంటే నేను కొన్న ఆ మొదటి జతలాంటిదే ఇంకోటి తయారుచేయడం.

తెచ్చుకున్నాక వాడకం గురించి రెండు ముక్కలు. ట్వీటర్లని ఎక్కువగా చంపేది పెద్ద ఆంప్ కాదు, చిన్న ఆంప్‌ని గొంతు పగిలేదాకా అరిపించడం. అది తన శక్తి అయిపోయి అలల తలలు నరికేసినప్పుడు, పై స్వరాల్లోకి అనవసరమైన వేడి వచ్చి పడుతుంది. పెద్ద, బరువైన కోన్ ఉన్న ఊఫర్ ఏళ్ళ తరబడి ఒకే తీరున నిలబడితే కిందికి వాలుతుంది, రెండు మూడేళ్ళకోసారి విప్పి తలకిందులుగా తిప్పి బిగించండి. స్క్రూలు చేత్తో మాత్రమే బిగించండి, పాత పార్టికల్ బోర్డులో పవర్ డ్రిల్ పెడితే గాడి ఊడి చెక్కపొడి రాలుతుంది.

తీసేసిన పాత భాగాలు ఏవీ పారేయకండి. కాలిన కెపాసిటరైనా సరే, కవర్లో వేసి, ఏ స్పీకర్‌ది, ఎడమా కుడా, ఏ చోటుది, ఏ తారీఖున తీశారో చీటీ రాసి, ఆ డబ్బా వెనకే టేపుతో అంటించండి. నా ట్వీటర్ తీసేసిన ఆ మహానుభావుడు ఈ ఒక్క పనీ చేసి ఉంటే, కాలినదానికి కాయిల్ మళ్ళీ చుట్టించుకునేవాడిని.